నాలుగో పాదం దాటాక

మార్చి 3, సోమవారం

ఇంట్లో రాస్తే వదిన చూస్తుంది. అందుకని ప్రెస్సులోనే, భోజనాల వేళ, చిత్తు ప్రూఫుల వెనకవైపు రాస్తున్నాను. నా సొరుగుకు తాళం ఉంది. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ దిద్దుతున్నాను. నా రాతలో తప్పులు పట్టేవాళ్ళు ఎవరూ లేరు, అదొక సుఖం.

రాయాల్సింది ఒక్కటే. జనవరి ప్రదర్శనలో అన్నయ్య నాందిలో మూడు పాదాలు ఎగరగొట్టాడు.

అంతే. రాసేస్తే తేలిగ్గా ఉంటుందనుకున్నాను. లేదు.

ఎవరికీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది? మా నాటకం పుస్తకంలో నాంది ఉండదు. నేను పక్కతెర చాటున నిలబడి, నటులకు మాట అందించడానికి పట్టుకునే పుస్తకంలో మొదటి పేజీ ఖాళీ. అన్నయ్యే అలా పెట్టించాడు. ఎవరు ఏ మాట మరిచిపోయినా అందించవచ్చు, నాందికి మాత్రం అందించకూడదు. "అందిస్తే అది పాఠం అప్పజెప్పడమవుతుంది, ఆశీర్వాదం అవదు" అంటాడు. తడబడితే మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోవాలి. అది ముగిసేదాకా ఇంకెవరూ రంగం మీద కాలు పెట్టకూడదు. రిహార్సల్లో అసలు చదవనే చదవడు. "ఖాళీ కుర్చీల్ని ఏమని దీవించనే?" అంటాడు. "నాంది అయిందనుకోండి" అని చేతులు దులుపుకుని నేరుగా నాటకంలోకి దిగుతాడు. పదిహేడేళ్ళుగా ఇదే నాటకం, ఇదే నాంది, ఇదే తంతు.

కాబట్టి ఆ ఎనిమిది పాదాలు ఇద్దరికే వచ్చు. రాసిన ఆయనకూ, పక్కన నిలబడి విని విని నాకూ.

మార్చి 5

మరిచిపోవడం కాదేమో అనిపిస్తోంది. ఆ రోజు చలి, హాల్లో జనం తక్కువ, త్వరగా ముగిద్దామని తగ్గించి ఉంటాడు. తను రాసుకున్న పద్యం, తన ఇష్టం.

తగ్గించేవాడైతే అతకాలి కదా. మా నాందిలో కథ చిన్నది. స్వామి తాండవం ఆడుతుంటే మెడలో పాము జారి కిందపడుతుంది. దాన్ని చూసి ఆయనగారి ఎద్దు బెదురుతుంది. అక్కడికి నాలుగు పాదాలు. స్వామి సిగ్గుపడి వెతుక్కోవడం, అమ్మవారు నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం తర్వాతి మూడూ. ఎనిమిదో పాదంలో ఆ నవ్వు సభను కాపాడుతుంది. జనవరిలో అన్నయ్య ఎద్దు దగ్గర ఆగి, ఒక్క క్షణం పైకి చూసి, "ఈ సభను, సభలోని మిమ్ము, ఎల్లవేళ కాచుగాక" అనేశాడు. అంటే ఆ రోజు వచ్చిన అరవై మందినీ కాపాడింది బెదిరిన ఎద్దు.

జనం చప్పట్లు కొట్టారు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇంటికి వెళ్ళేదాకా కూడా నిలవలేదు.

మార్చి 10, సోమవారం

నిన్న లైబ్రరీ పైఅంతస్తులో రిహార్సళ్ళు మొదలు. ప్రదర్శన ఏప్రిల్ 20, ఆదివారం సాయంత్రం నాలుగింటికి, కింద హాల్లోనే.

నాయిక వేషానికి కొత్తమ్మాయి వచ్చింది. బ్యాంకులో పనిచేస్తుందట. అనుమానాల పుట్ట. "నాంది అంటే ప్రార్థనేనా సార్?" అని అడిగింది. అన్నయ్యకు కావలసింది అదే. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ప్రార్థన మన కోసం చేసుకుంటాం తల్లీ. నాంది వచ్చినవాళ్ళ కోసం. వాళ్ళు పనులు మానుకుని, చెప్పులు విప్పి, మన ముందు కూర్చున్నారా? ముందు వాళ్ళ క్షేమం కోరాలి. కథ తర్వాత. పూర్వం ఎనిమిది పాదాలో పన్నెండో పెట్టేవారు. అందులోనే కథ తాలూకు విత్తనం ఒకటి దాచేవారు. మన కథలో రాజు తోటమాలి వేషం వేసుకుని బతుకుతాడు, చివర్లో పట్టుబడి నవ్వులపాలవుతాడు. అందుకే మన నాందిలో దేవుడంతటివాడు కూడా భార్య ముందు నవ్వులపాలయ్యాడు."

"పాత నాటకాల్లో నాంది అయ్యాక సూత్రధారుడు వస్తాడని ఉంది కదా సార్. మరి నాంది చదివేది ఎవరు?"

"పెద్ద పెద్ద పండితులే దాని మీద తగువులాడుకున్నారు. మనకెందుకా గొడవ. చదివేదీ నేనే, చదివి తెర పక్కకి వెళ్ళి, మా చెల్లెలి చేతిలో తువ్వాలుతో మొహం తుడుచుకుని, సూత్రధారుడిగా తిరిగొచ్చేదీ నేనే."

ఒక్క మాటకైనా తడుముకోలేదు. పావుగంట చెప్పాడు. ఇంత తెలివిగా మాట్లాడే మనిషికి ఏమయిందని నేను కంగారుపడుతున్నానో. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

మార్చి 12

బాగానే ఉన్నాడు.

మార్చి 13

బాగానే ఉన్నాడు. పాలు తెమ్మంటే రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ తెచ్చాడు. అయితే ఏం, పాయసం చేసుకున్నాం.

మార్చి 15

స్నానాల గది తలుపు బయట నిలబడి విన్నాను. చిన్నప్పటి నుంచీ ఆయనకు నీళ్ళు పోసుకుంటూ పాడే అలవాటు. నాంది ఎత్తుకున్నాడు. మంచి గొంతు, ఇప్పటికీ గంటలా ఉంటుంది.

"సంధ్యవేళ తాండవమాడు స్వామి జటలు విప్పగా, దిక్కులన్ని తాళమై ఆ అడుగు వెంట నడువగా, మెడను చుట్టుకున్న పాము పట్టు తప్పి జారగా, నేల మీద పడిన దాన్ని ఎద్దు చూచి బెదరగా."

తర్వాత నీళ్ళ చప్పుడు. తర్వాత మళ్ళీ సంధ్యవేళ. మళ్ళీ పాము. మళ్ళీ ఎద్దు. నీళ్ళ చప్పుడు.

వదిన వంటింట్లోంచి వచ్చి నన్ను చూసింది. "ఏం చేస్తున్నావక్కడ?" అంది. తువ్వాలు ఇద్దామని, అన్నాను. నా చేతిలో తువ్వాలు లేదు. వదిన నా చేతుల వైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

మార్చి 19, బుధవారం

నిన్న రిహార్సల్లో విదూషకుడు నన్ను ఇరుకున పెట్టాడు. అతనికి అసలు పేరొకటి ఉందని మాకెవరికీ గుర్తుండదు. పగలు కళ్ళజోళ్ళ దుకాణంలో పని, మిగతా వేళల్లో మాకు విదూషకుడు. నోట్లో నువ్వుగింజ నానదు కానీ మనసు వెన్న.

"గురువుగారూ, ఈసారి కొత్త మైకు కదా. నాంది కూడా ఒక్కసారి అనుకుందామా? గొంతు ఎలా వస్తుందో చూసుకోవచ్చు" అన్నాడు.

మామూలుగా అడిగాడో, ఏమైనా కనిపెట్టి అడిగాడో. అన్నయ్య నవ్వాడు.

"మైకు కోసం నాంది ఎందుకయ్యా, ఒకటీ రెండూ మూడూ లెక్కపెడితే చాలదూ?"

"కాదు గురువుగారూ, ఒక్కసారి. ఏమంటారక్కయ్యా?"

అందరూ నా వైపు తిరిగారు. అన్నయ్య కూడా చూశాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కావడం లేదు. నేను అవునని ఉంటే అక్కడే, ఆరుగురి ముందే తేలిపోయేది. ఆరుగురూ అయినవాళ్ళే.

"పదిహేడేళ్ళుగా లేనిది ఇప్పుడెందుకు?" అన్నాను.

"విన్నావుగా. నాంది అయిందనుకోండి" అన్నాడు అన్నయ్య.

ఆయన పరువు కాపాడాను.

మార్చి 24

ఒక ఉపాయం తట్టింది. ఎనిమిది పాదాలూ తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను. రాసింది నేనని తెలియకుండా అచ్చక్షరాల్లా రాశాను. ఆయన పేపరు చదువుకునే బల్ల మీద, పేపరు కింద పెట్టేశాను. చూసుకుంటాడు, గుర్తు చేసుకుంటాడు, మనం ఎవరమూ ఏమీ అనక్కర్లేదు.

మార్చి 25

కాగితం అక్కడే ఉంది.

మార్చి 26

పొద్దున కాగితం పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. "తప్పులమ్మా, చూడు, ఎవరో నా నాంది రాసి పెట్టారు. విదూషకుడి పని అయ్యుంటుంది. కుదురుగా వినడు కదా, తప్పు రాశాడు. దిద్దాను" అన్నాడు.

తప్పులమ్మ నేనే. ప్రెస్సులో చేరిన రోజున పెట్టిన పేరు.

పెన్సిలుతో దిద్దాడు. "ఆట ఆపి, సిగ్గు పడి, అటూ ఇటూ వెదుకు స్వామిని" అన్న అయిదో పాదాన్ని చక్కగా స్కేలు పెట్టి కొట్టేశాడు. తూనికలు కొలతల ఆఫీసులో చేసినవాడు, గీత వంకర పోదు. దాని పైన తన ముత్యాల్లాంటి రాతతో రాశాడు: "మెడను చుట్టుకున్న పాము పట్టు తప్పి జారగా." మూడో పాదమే, మళ్ళీ.

"ఇప్పుడు సరిపోయిందా?" అని అడిగాడు.

ముప్పై ఏళ్ళుగా జీతం తీసుకుంటున్నది తప్పును తప్పని చెప్పడానికే. రచయితలతో, వకీళ్ళతో, ఒకసారి స్వయానా మా ప్రొప్రయిటరుతో వాదించి గెలిచాను.

"సరిపోయింది" అన్నాను.

మార్చి 28

పాము రెండుసార్లు జారితే మాత్రం తప్పేముంది? తాండవం కదా.

ఏప్రిల్ 2, బుధవారం

వదినకు తెలుసు. నాకంటే ఎక్కువే తెలుసు.

ప్రెస్సుకి వచ్చింది, ఎన్నడూ రానిది. మెషీన్ల హోరుకి మాట వినపడక మెట్ల మీద కూర్చున్నాం. కళ్ళు చూపిద్దామని చెప్పి అన్నయ్యను నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందట, కిందటి నెల్లోనే.

"వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నాడు డాక్టరు. మీ అన్నయ్య ఏమన్నారో తెలుసా? ఏడెందుకు, అన్నీ ఒకేసారి తీసెయ్యండి, మీకూ నాకూ పని తగ్గుతుంది అన్నారు. డాక్టరు నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత ఆయన్ని బయట కూర్చోబెట్టి నాకు చెప్పాడు."

"ఏం చెప్పాడు?"

"మందులతో కొంచెం నెమ్మదిస్తుందట. ఆగదట. కొత్తవి ముందు పోతాయి, పాతవి తర్వాత పోతాయి అన్నాడు. కొన్ని పాతవి ముందే పోయినా ఆశ్చర్యపోవద్దన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

"నువ్వు నాకెందుకు చెప్పలేదు? తువ్వాలు లేకుండా తలుపు దగ్గర నిలబడ్డావు."

ప్రదర్శన మానిపిద్దామా అన్నాను. వదిన తల అడ్డంగా ఊపింది. "ఆయనకు మిగిలింది అదొక్కటే. పెన్షనూ, పేపరూ, ఆ నాందీ. అది మనం ఎలా తీసుకుంటాం? ఆ రోజుకి వచ్చేస్తుందిలే. జనాన్ని చూస్తే వచ్చేస్తుంది" అంది.

వచ్చేస్తుందని నేనూ అన్నాను. ఇద్దరం ఒకరికొకరం చెప్పుకుని, ఒకరి మాట ఒకరం నమ్మాం. లేచేటప్పుడు వదిన నా మోచెయ్యి పట్టుకుంది, మెట్లు దిగడానికన్నట్టు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులేమీ లేవు.

ఆయనకు ఏమీ చెప్పకూడదని అనుకున్నాం. చెబితే కుంగిపోతాడు.

ఏప్రిల్ 7

వచ్చేస్తుంది. జనాన్ని చూస్తే వచ్చేస్తుంది.

ఏప్రిల్ 11, శుక్రవారం

రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య ఉన్నట్టుండి అడిగాడు. "నీకు నాంది మొత్తం వచ్చు కదూ?"

నేను వదిన వైపు చూశాను. వదిన మజ్జిగ వైపు చూసింది.

"రాదేమిటి. పదిహేడేళ్ళుగా వింటున్నాను" అన్నాను.

"అయితే సరే" అన్నాడు. అని హాయిగా భోంచేశాడు. ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు.

ఎందుకడిగాడో. ఊరికే అడిగి ఉంటాడు.

ఏప్రిల్ 14

కుదుటపడ్డాడు. ఆ రాత్రి నుంచీ స్నానాల గదిలో నాంది ఎత్తుకోవడం కూడా మానేశాడు. ఏవో సినిమా పాటలు పాడుకుంటున్నాడు. మందు పనిచేస్తోందని వదిన అంటోంది. దేవుడికి పెట్టినట్టు ఆ మందుకి దండం పెట్టినంత పని చేసింది.

ఏప్రిల్ 16

బట్టలు ఇస్త్రీకి ఇచ్చాను. సూత్రధారుడి కండువా అంచు దారం ఊడితే కుట్టాను. పుస్తకానికి కొత్త అట్ట వేశాను. ఇవి మాత్రమే నా చేతిలో ఉన్నాయి కాబట్టి ఇవే చేస్తున్నాను.

ఏప్రిల్ 18

పుస్తకం మొదటి పేజీలో నాంది రాసేద్దామని కలం తీశాను. "సంధ్యవేళ" అని రాసి కొట్టేశాను. ఆయన చూస్తే ఏమనుకుంటాడు? నా మీద నమ్మకం లేదా అనుకోడూ?

ఏప్రిల్ 21, సోమవారం

నిన్న అయిపోయింది. అందరూ బాగుందన్నారు.

ఏప్రిల్ 22

అన్నయ్య నిన్నా ఇవాళా మంచం దిగలేదు. జ్వరం లేదు. పేపరు కూడా తియ్యలేదు.

ఏప్రిల్ 23, బుధవారం

రాయాలి. రాయకపోతే నా పని కూడా ఆయన పనే అవుతుంది, ఏది జరిగిందో ఏది అనుకున్నానో తెలియకుండా పోతుంది. పొద్దుటి నుంచి ఒకే ప్రూఫు ముందు కూర్చున్నాను, ఒక్క తప్పు కనబడలేదు. లేక కాదు.

ఆదివారం హాలు నిండింది. ఎనభై కుర్చీలు వేస్తే వెనక ఇంకో ఇరవై మంది నిలబడ్డారు. వదిన మూడో వరుసలో చివర కూర్చుంది. నాలుగైంది. అన్నయ్య కండువా సర్దుకున్నాడు. నా దగ్గర ఆగి, నా భుజం తట్టి, "ఉంటావుగా ఇక్కడే?" అన్నాడు.

"ఎక్కడికి పోతాను?" అన్నాను.

వెళ్ళి మధ్యలో నిలబడి చేతులు జోడించాడు. ఆయన అలా నిలబడితే గదిలో దగ్గు కూడా ఆగిపోతుంది. ఎత్తుకున్నాడు. సంధ్యవేళ వచ్చింది. దిక్కులు వచ్చాయి. పాము జారింది. ఎద్దు బెదిరింది.

ఆగాడు.

సభ ఎదురు చూసింది. ఆయన ఊపిరి తీసుకుని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. నియమం కదా. రెండోసారి కూడా అక్కడికే వచ్చాడు, ఆగాడు. మూడోసారి పాము జారినప్పుడు వెనక ఎవరో నవ్వారు. ఎగతాళి కాదు. కావాలనే చేస్తున్నాడనుకున్నారు. నాలుగోసారికి చాలామంది నవ్వారు. పామంటే నవ్వు, ఎద్దంటే నవ్వు. అమ్మవారు నవ్వాల్సిన చోటికి మాత్రం కథ వెళ్ళడం లేదు.

విదూషకుడు నా పక్కనే ఉన్నాడు. "అక్కయ్యా, చెప్పండి" అన్నాడు, చెవిలో. నేను తల ఊపాను, చెప్పనన్నట్టు. "మీకు వచ్చు కదా. ఒక్క ముక్క. ఒక్క మాట చాలు."

"నాందికి అందించకూడదు."

"ఇప్పుడు కూడానా?"

ఇప్పుడు అందిస్తే ఆయన మరిచిపోయాడని వందమందికీ తెలిసిపోతుంది. ఇలా ఉంటే వేడుక అనుకుంటారు. ఇలాగే నేను అనుకున్నాను. అనుకుంటూనే ఉన్నాను, కానీ నా పెదవులు వాటంతట అవే కదిలాయి. ఆట ఆపి, సిగ్గు పడి. ఆట ఆపి, సిగ్గు పడి. గొంతు లేకుండా.

అయిదోసారి ఎద్దు దగ్గర ఆగి అన్నయ్య నా వైపు తిరిగాడు. పదిహేడేళ్ళలో నాంది మధ్యలో ఆయన తల తిప్పడం ఎరగను. నా వైపు రెండడుగులు వేశాడు. పారిపోయి వచ్చేస్తున్నాడనుకున్నాను. ఇంతమంది ముందు నాంది వదిలేసి లోపలికి వచ్చేస్తే ఇక ఆ మనిషి తలెత్తుకోగలడా? చేత్తో సైగ చేశాను, వెనక్కి వెళ్ళమని, మధ్యలోకి వెళ్ళమని. నిలబడ్డాడు. నా చెయ్యి చూశాడు. చెప్పిన మాట వినే పిల్లాడిలా వెనక్కి వెళ్ళి, చేతులు జోడించి, ఆరోసారి ఎత్తుకున్నాడు. ఈసారి ఆ గొంతులో గంట లేదు.

ఎద్దు దగ్గర ఆగగానే విదూషకుడు నన్ను తోసుకుని రంగం మీదికి ఉరికాడు. నాంది ముగియకుండా ఎవరూ కాలు పెట్టని చోటికి. వంగి నేలంతా వెతుకుతూ వెళ్ళి అన్నయ్య ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అయ్యగారూ, పాము దొరికింది. ఆరుసార్లు పారేసుకుంటే దానికి మాత్రం విసుగు రాదా? మీరు లోపలికి దయచెయ్యండి, అమ్మగారు పిలుస్తున్నారు. సభవారిని నేను చూసుకుంటాను."

హాలు విరగబడి నవ్వింది, చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలోనే అన్నయ్య చెయ్యి పట్టుకుని నా దాకా తీసుకొచ్చి దింపాడు. నా చేతిలో పుస్తకం లాక్కుని, సూత్రధారుడి భాగం పుస్తకం చూసి తనే చదివేశాడు. నాటకం జరిగిపోయింది. కొత్తమ్మాయి బాగా చేసింది. ఈ కొత్త రకం ప్రారంభం ఎవరి ఆలోచన అని ఎవరో పెద్దాయన వచ్చి మరీ అడిగారు.

అన్నయ్య లోపల బట్టల పెట్టె మీద కూర్చున్నాడు. తువ్వాలు ఇచ్చాను. తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. "మంచినీళ్ళు" అన్నాడు. తాగాడు.

వదిన తలుపు దగ్గర నిలబడి మమ్మల్నిద్దర్నీ చూసింది. లోపలికి రాలేదు.

ఏప్రిల్ 24

నేను చేసింది సబబే. అందించి ఉంటే గోరుచుట్టు మీద రోకటిపోటు అయ్యేది. ఆయన నియమం ఆయన చెల్లెలే తప్పితే ఎలా?

ఏప్రిల్ 25

విదూషకుడు ప్రెస్సుకి ఫోన్ చేశాడు, గురువుగారు ఎలా ఉన్నారని. బాగానే ఉన్నాడన్నాను. "అక్కయ్యా, నా మీద కోపంగా ఉన్నారా? నియమం తప్పాను" అన్నాడు. కోపం లేదన్నాను. ఫోన్ పెట్టేసి చేతిలో ప్రూఫు మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.

ఏప్రిల్ 28, సోమవారం

నిన్న పొద్దున అన్నయ్య లేచాడు. గడ్డం గీసుకున్నాడు. పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. కళ్ళు తేటగా ఉన్నాయి. మధ్యమధ్య మంచి రోజులూ ఉంటాయని డాక్టరు వదినతో అన్నాడట, అలాంటిదొకటి అయ్యుంటుంది.

"తప్పులమ్మా, ఒకటి అడుగుతాను. బాధపడకు" అన్నాడు.

"అడుగు."

"ఆ రోజు నీ పెదవులు కదిలాయి. నేను చూశాను. గొంతు ఎందుకు రాలేదు?"

చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది. నీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి.

"అందించకూడదు కదా అన్నయ్యా. నాందికి అందించకూడదని నువ్వే కదా పెట్టావు."

"నేనే పెట్టాను. ఎప్పుడు పెట్టాను? నాకు వచ్చినప్పుడు పెట్టాను."

కోపంగా అనలేదు. ఆ కొత్తమ్మాయికి నాంది గురించి చెప్పినట్టే చెప్పాడు.

"జనవరిలోనే తెలిసింది నాకు. మీ వదిన కళ్ళ డాక్టరని తీసుకెళ్ళినప్పుడూ తెలుసు. కళ్ళ డాక్టరు లెక్కలు అడుగుతాడేమిటే? ఆ కాగితం నువ్వు రాసిందేనని కూడా తెలుసు. ఏది తప్పో అప్పటికే నాకు తెలియడం లేదు, అందుకే దిద్ది నీ చేతికే ఇచ్చాను. నువ్వు సరిపోయిందన్నావు."

నేను చీర బకెట్లో పడేశాను.

"మానేద్దామనుకున్నాను. ఈసారికి వద్దని మీ వదినతో చెబుదామనుకున్నాను. ఆ రోజు భోజనాల దగ్గర అడిగాను కదా, నీకు మొత్తం వచ్చా అని? వచ్చన్నావు. ఇంకేం భయం అనుకున్నాను. తెర పక్కన నువ్వుంటావు, నేను ఆగిన చోట నువ్వు అందుకుంటావు. నియమం పోతే పోనీ. అందుకే ఎక్కాను."

"నాకేం తెలుసు అన్నయ్యా. నువ్వు చెప్పలేదు."

"మీరూ చెప్పలేదు కదా."

మళ్ళీ ఆయనే మాట్లాడాడు. "నవ్వుల్లో వినపడటం లేదేమోనని నీ దగ్గరికి రెండడుగులు వేశాను. నువ్వు పొమ్మన్నావు."

పారిపోతున్నావనుకున్నానని చెప్పబోయాను. దాని బదులు నాంది వచ్చింది. ఏడుస్తూ, పెరట్లో, తడిచేతులతో, మొదటి నుంచి ఎత్తుకున్నాను. నాది ప్రూఫులు చదివే గొంతు, పాడే గొంతు కాదు. అన్నయ్య తల వంచుకుని శ్రద్ధగా విన్నాడు. వదిన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సంధ్యవేళ అయింది, దిక్కులు అయ్యాయి, పాము జారింది, ఎద్దు బెదిరింది.

"ఆట ఆపి, సిగ్గు పడి" అన్నాను.

ఆయన చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"ఇక్కడే" అన్నాడు. "ఆరుసార్లూ ఇక్కడే నీ కోసం ఆగాను."